చూచినందుకు కూలి



మా నరసన్నపేటలో గానీ, మరే ఊరిలో గానీ కారు బాగుచేయించుకొన్నవారు చీటీలో రెండే పద్దులు చూస్తారు. మొదటిది సామాను ధర, రెండవది దానిని బిగించిన కూలి. లోపం ఎక్కడున్నదో వెదకి కనుగొన్న శ్రమకు మూడవ పద్దు ఉండదు. ఏ మెకానిక్కయినా ధైర్యం చేసి వ్రాస్తే, "ఊరికే చూసినందుకు కూడా డబ్బులా?" అని యజమాని చిరాకు పడతాడు. ఆ మూడవ పద్దు లేకపోవటం వల్లనే మన బళ్ళలో మంచి సామాను మారిపోతున్నదనీ, అసలు లోపం మాత్రం అట్లే మిగిలిపోతున్నదనీ నా అభిప్రాయం. ఎగ్జాస్టు వేడిని కొలిచే సెన్సరును ఉదాహరణగా తీసుకొని ఈ మాటను నిరూపించ ప్రయత్నిస్తాను.

బడిలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకొన్న తెలుగు పండితునికి ఇంజనులతో పని ఏమని మీరడగవచ్చు. లోపం వెదకటం మా వృత్తిలోనూ ఉన్నది. నల్లబల్ల మీది మాటను తప్పుగా ఎక్కించుకొన్న పిల్లవానికి భాష రాదని వెంటనే తీర్పు చెప్పవచ్చు. వెనుక బెంచీ నుండి అక్షరాలు కనబడటం లేదేమోనని ముందుగా అడుగనూ వచ్చు. తప్పు కాగితం మీద కనబడినంత మాత్రాన, దాని కారణం కూడా కాగితం మీదనే ఉండదు కదా!

ఇక విషయానికి వద్దాము. ఇంజనులో కాలిన వాయువు బయటికి పోయే మార్గమంతటినీ మనవారు సైలెన్సరు అనే ఒక్క మాటతో పిలుస్తారు. ఆ మార్గంలో వేడిని కొలిచే చిన్న కడ్డీ వంటి సాధనాలు కొన్ని ఉంటాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. నాలుగవ మెట్టు నుండి ఐదవదానిని దాటి నేరుగా ఆరవ మెట్టుకు వెళ్ళాము. దానితో డీజిలు కార్లలో మసిని పట్టి ఉంచే వడపోత తప్పనిసరి వంటిదయింది. దానినే డీపీఎఫ్ అంటారు. ఆ వడపోతలో మసి నిండగానే ఇంజను కంప్యూటరు కొంత ఇంధనం అదనంగా పంపి, సుమారు 550 నుండి 650 డిగ్రీల వరకు వేడి పుట్టించి, మసిని కాల్చివేస్తుంది. వేడి తక్కువైతే మసి కాలదు. మరీ ఎక్కువైతే వడపోతే కరగవచ్చు, పగలవచ్చు, టర్బో దెబ్బతినవచ్చు. కనుక వేడి ఎంత ఉన్నదో ప్రతి క్షణం తెలియాలి. ఆ తెలియజెప్పే సాక్షి ఈ సెన్సరు.

సాక్షి ఎట్లా పలుకుతుందో కూడా తెలుసుకోవాలి. ఈ సెన్సర్లలో ఒక ముఖ్యమైన రకంలో ప్లాటినం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ప్లాటినం విద్యుత్తును అడ్డగించే గుణం ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని 1887 ప్రాంతంలో కాలెండరు అనే శాస్త్రవేత్త నమ్మదగిన ఉష్ణమాపకాన్ని తయారుచేశాడు. కార్లలో వాడే ప్లాటినం సెన్సరు సున్న డిగ్రీల వద్ద 200 ఓములు చూపుతుంది. మన ఊరి ఉదయపు వేడిలో, అంటే 27 డిగ్రీల దగ్గర, సుమారు 220 ఓములు చూపుతుంది. వేరే రకాలూ ఉన్నాయి. కొన్నింటిలో వేడి పెరిగితే ఓములు తగ్గుతాయి. మరికొన్ని, 1821లో సీబెక్ కనుగొన్న సూత్రం మీద, రెండు లోహాల అతుకు వద్ద పుట్టే కొద్దిపాటి వోల్టేజీతో పనిచేస్తాయి. బండిలో ఏ రకమున్నదో తెలియకుండా మీటరు పట్టుకోవటం, ఏ ఛందస్సో తెలియకుండా గణాలు విడదీయటం వంటిది.

ఇక్కడ గ్రహించవలసిన ముఖ్యమైన సంగతి ఒకటున్నది. కంప్యూటరు వేడిని చూడదు. తన వద్దకు వచ్చిన తీగ కొసన ఎంత వోల్టేజీ ఉన్నదో అంతమాత్రమే చూస్తుంది. దానినే వేడిగా లెక్క కట్టుకొంటుంది. సెన్సరుకూ కంప్యూటరుకూ నడుమ తీగలున్నాయి, ప్లగ్గులున్నాయి, ఎర్తు ఉన్నది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా కంప్యూటరుకు వినబడేది ఒకే రకమైన ఫిర్యాదు.

ఆ ఫిర్యాదుకు అంతర్జాతీయంగా స్థిరపడిన సంఖ్యలున్నాయి. మొదటి సెన్సరుకు సంబంధించి పీ 0544, పీ 0545, పీ 0546 అనేవి వాటిలో కొన్ని. రెండవ సెన్సరుకు పీ 2031 మొదలైనవి. పీ 0545 అంటే సర్క్యూటులో వోల్టేజీ ఉండవలసినదాని కంటే తక్కువ అనీ, పీ 0546 అంటే ఎక్కువ అనీ తాత్పర్యం. ఆ వాక్యాలలో ఎక్కడా "సెన్సరు చెడినది" అన్న మాట లేదు. ఉన్నది "సర్క్యూటు" అన్న మాట. సర్క్యూటు అంటే ఒక వస్తువు కాదు, ఒక దారి. దారిలో బండి ఆగిందని కబురు వస్తే గమ్యంలోని ఇంటిని పడగొట్టి కట్టుకొంటామా?

తర్కశాస్త్రంలో తొలిపాఠంగా చదివే తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడు. కొండ మీద పొగను చూచి అక్కడ నిప్పున్నదని ఊహించటం ఆ శాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత కూడా. అయితే అదే శాస్త్రం మరొక హెచ్చరిక చేస్తున్నది. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చునే గాని, నిప్పును బట్టి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా తోడుండాలి. ఇట్లా చాటున ఉండి ఊహను చెడగొట్టే షరతును ఉపాధి అన్నారు. సాధించదలచినది లేనిచోట కూడా కనబడే హేతువును సవ్యభిచారమన్నారు, అంటే నమ్మరాని హేతువు.

ఇప్పుడు షెడ్డులో వినబడే వాక్యాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. "ఈ బండిలో సెన్సరు చెడినది, పీ 0546 వచ్చినది గనుక." సెన్సరు బాగుండి తీగ తెగినా పీ 0546 వస్తుంది. ప్లగ్గులో చిలుము పట్టినా వస్తుంది. హేతువు ఉన్నది, సాధ్యం లేదు. అంటే ఇది సవ్యభిచారం. వేల రూపాయల సామాను మార్చటానికి ఈ హేతువు చాలదు. సెన్సరు చెడకూడదని నేననటం లేదు. ఎర్రని వేడిలో, ఎడతెగని అదురులో బ్రతికే వస్తువు అది, చెడుతుంది కూడా. చెడినదని చెప్పే ముందు మిగిలిన దారులు మూసి చెప్పమని మాత్రమే నా మనవి.

ఈ మాట ఊహించి వ్రాస్తున్నది కాదు. నా వద్ద చదువుకొన్న ఒక శిష్యుడు మా ఊళ్ళో అద్దె కారు నడుపుతాడు. రోగులను విశాఖపట్నం ఆస్పత్రులకు తీసుకుపోవటమే అతని ముఖ్యమైన బ్రతుకు తెరువు. జాతీయ రహదారి మీద నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణం. దారిలో ఇంజను దీపం వెలగటం, బండి బలం తగ్గించుకొని నత్తనడక పట్టటం మొదలయింది. వెనుక సీటులో ఆయాసపడే మనిషి ఉండగా బండి ఎక్కలేక ఎక్కుతుంటే నడిపేవాని గుండె ఎట్లుంటుందో ఊహించండి. అతడు ఒక పట్టణంలోని పెద్ద వర్కుషాపుకు వెళ్ళాడు. వారు స్కానరు పెట్టి, కోడ్ చదివి, సెన్సరు మార్చారు. పది దినాలకు దీపం మరల వెలిగింది. "కొత్తదానిలోనే లోపమున్నదేమో" అని మరొకటి మార్చారు. రెండింటికీ కలిపి పదునాలుగు వేల పైచిలుకు అయింది.

"మాస్టారూ, రెండు పాల్లు మార్పించీసినానండి. అయినా ఆ లైటు పోలేదు. ఇంకేటి సేస్తాం?" అని నాతో చెప్పుకొన్నాడు. ఫిల్టరే పోయి ఉంటుంది, అది మార్చాలంటే ఇంకా చాలా అవుతుందని కూడా అతనికి ఎవరో చెప్పారట.

తరువాత అతడు మా ఊళ్ళోనే ఒక మెకానిక్కును పట్టుకొన్నాడు. ఆయన చెప్పిన మొదటి మాట, "రాత్రికి బండి ఇక్కడే ఉంచీ. పొద్దున్న నేనొచ్చేదాకా స్టార్టు చెయ్యకు." తెల్లవారి ఇంజను పూర్తిగా చల్లబడి ఉండగా, తాళం మాత్రం తిప్పి స్కానరులో అంకెలు చదివాడు. రాత్రంతా కదలని బండిలో నీటి వేడి, లోపలికి పీల్చే గాలి వేడి, ఎగ్జాస్టు వేడి అన్నీ ఒక్కటే కావాలి కదా. ఇంచుమించు అన్నీ 27, 28 డిగ్రీలు చూపాయి. ఆ ఒక్క సెన్సరు మాత్రం 110 చూపింది. వెలిగించని పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయని చెప్పే సాక్షి అది!

పిమ్మట ప్లగ్గు ఊడదీసి సెన్సరు కొసల వద్ద మీటరు పెట్టాడు. 220 ఓములు, అంటే సెన్సరు నిక్షేపంగా ఉన్నది. ప్లగ్గు తిరిగి పెట్టి, తీగ రెండవ కొసన, కంప్యూటరు వైపు నుండి కొలిచాడు. 285 ఓములు. నడుమ 65 ఓములు ఎక్కడి నుండి వచ్చాయి? తీగ వెంట వెదుకుతూ పోతే బండి అడుగున మరొక ప్లగ్గు. దానిలో పచ్చగా చిలుము. బంగాళాఖాతపు గాలి తగిలే జిల్లా మాది. ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి. రాగి ముట్టుకొన్నచోట చిలుము పట్టటం మా ఇత్తడి బిందెలకే తెలుసు. ఆ చిలుము చేర్చిన అడ్డంకిని కంప్యూటరు వేడిగా చదువుకొన్నది. గతుకులలో ఆ ముడి పూర్తిగా విడిపోయినప్పుడు పీ 0546 అని కేక వేసింది. ఎగ్జాస్టు అప్పటికే కావలసినంత వేడెక్కిందని నమ్మిన కంప్యూటరు మసిని కాల్చేందుకు చాలినంత ఇంధనం పంపలేదు. వడపోతలో మసి పేరుకొన్నది. బండి నత్తనడక పట్టింది. వడపోత పాపమెరుగదు, సెన్సరు పాపమెరుగదు.

ఆయన ప్లగ్గులోని పిన్నులు మార్చి, తడి చేరకుండా బిగించి, మసి కాలే వరకు బండిని నడిపించి చూచాడు. మరునాటి ఉదయం ఆ సెన్సరు కూడా తోటివారితో పాటు 28 చూపింది. రెండు పూటల పనికి ఎనిమిది వందలు అడిగాడు. అక్కడ నిలుచున్న ఒక పెద్దమనిషి, "సామానేటి మార్చినావని ఎనిమిదొందలు?" అన్నాడు. మెకానిక్కు నవ్వి, "మార్చకండా సేసినాను గదండి, అందుకే" అన్నాడు.

నా అభిప్రాయమంతా ఈ రెండు వాక్యాల నడుమనే ఉన్నది. పదునాలుగు వేలు తీసుకొన్నచోట ఎవరూ ఏమీ అడుగలేదు. ఎందుకంటే చేతికి డబ్బాలో పెట్టిన వస్తువు కనబడింది. ఎనిమిది వందల వద్ద ప్రశ్న వచ్చింది. ఎందుకంటే అక్కడ కనబడినది జ్ఞానం మాత్రమే. వస్తువుకే వెల కట్టే లోకంలో మెకానిక్కు ఏం చేస్తాడు? వెదకితే కూలి లేదు, మారిస్తే లాభమున్నది. అతనిని దొంగ అనే ముందు, అతనికి మనం పెట్టిన దారి ఏదో చూచుకోవాలి.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. అనుభవమున్నవాడు కోడ్ చూడగానే చెప్పగలడు, ప్రతిదానికీ ఇంత పరీక్ష ఎందుకని ఒకటి. అనుభవం ఎక్కడ ముందు వెదకాలో చెబుతుంది; వెదకటం మానమని చెప్పదు. మంచి వైద్యుడు రోగి నడక చూచి జబ్బు ఊహిస్తాడు, అయినా నాడి పట్టుకొంటాడు. అమెరికా, ఐరోపాలలో కూడా సామాను మార్చి చూస్తారు కదా అని రెండవది. అక్కడ మనిషి గంట పనికి వెల ఎక్కువ, కాబట్టి ఒక్కొక్కప్పుడు వెదకటం కంటే మార్చటమే చవక కావచ్చు. మన ఊళ్ళలో లెక్క తలక్రిందులు. ఇక్కడ మనిషి పూట కూలి కంటే సెన్సరు ధర ఎన్నో రెట్లు. వారికి చెల్లిన లెక్కను మనం అరువు తెచ్చుకోవటం పొరుగువాని జోడు తొడుక్కోవటమే. పెద్ద వర్కుషాపులలో దినానికి ఎన్నో బళ్ళు తేల్చాలి, రాత్రంతా చల్లబరచే తీరిక ఉండదని మూడవది. ఈ మాటలో న్యాయమున్నది. కానీ ఆ తీరిక లేనప్పుడు "ఇది ఊహ మాత్రమే, తప్పితే డబ్బు తిరిగి ఇస్తాము" అని చెప్పే ధర్మం కూడా ఉండాలి.

ఈ సంగతి ఒకరి జేబుతో ముగిసేది కాదు. రెండు మూడు సార్లు డబ్బు పోగొట్టుకొన్న యజమాని విసిగి, "ఆ ఫిల్టరే పీకి పారేయండి" అంటాడు. లోపల గుల్ల చేసి, కంప్యూటరుకు అబద్ధం నేర్పి పంపేవారు ఉన్నారు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చటాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. చట్టం మాట అట్లుంచండి. ఆ బండి బడి వదిలే వేళ గేటు ముందు ఆగి మసి కక్కితే పీల్చేది పిల్లలు. ఒక ప్లగ్గులోని చిలుమును వెదకని ఫలితం ఇంతదూరం వస్తుంది.

కారున్న మిత్రులకు నా సూచనలు కొన్ని. కోడ్ సంఖ్యను కాగితం మీద వ్రాయించుకోండి. ఆ సంఖ్య ఏ సెన్సరుకు చెందినదో, మార్చబోతున్నది అదేనో కాదో అడగండి. ఒక బండిలో ఇటువంటివి రెండు మొదలు నాలుగు వరకు ఉండవచ్చు. చల్లని ఇంజనుతో చదివిన అంకెలు అడగండి. తీసిన పాత సెన్సరును ఓములు కొలిచి చూపమనండి. రెండు తీగల సెన్సరు అయితే ప్లగ్గు ఊడదీసినప్పుడు స్కానరులో అంకె ఒక కొసకు, తీగ వైపు రెండు పిన్నులను కలిపినప్పుడు మరొక కొసకు పోతున్నదా అని చూడమనండి. పోతే తీగ పూర్తిగా తెగలేదనీ, కంప్యూటరు చదువుతున్నదనీ అనుకోవచ్చు, అప్పుడు సెన్సరును కూడా అనుమానించవచ్చు. పోకపోతే దోషం తీగ వైపు. శాస్త్రులు అన్వయవ్యతిరేకాలన్నది దీనినే. లోపం తోచగానే తన ఊహాంకెను చూపే కంప్యూటర్లున్న బళ్ళలో నేరుగా వోల్టేజీ చూడాలి. రెండు లోహాల అతుకు రకంలో, తానే లెక్కకట్టి పంపే రకంలో పిన్నులు కలిపే పరీక్ష చేయరాదు. ఇవి తెలిసినవాని చేతనే చేయించండి. నడచి వచ్చిన బండి అడుగున చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది.

సాక్షి నిజమే చెబుతూ ఉండవచ్చునని కూడా మరువరాదు. ఇంజెక్టరు కారి ఇంధనం ఎక్కువ పడినా, టర్బో గొట్టం చిట్లి గాలి తక్కువైనా ఎగ్జాస్టు నిజంగానే మితిమీరి వేడెక్కుతుంది. అప్పుడు సెన్సరు మార్చటం జ్వరమున్నదని చెప్పిన థర్మామీటరును విరగగొట్టటమే.

ఇవన్నీ అడిగిన పిమ్మట, చూచినందుకు కూలి మారు మాటాడక ఇవ్వండి. మెకానిక్కు మిత్రులు కూడా గోడ మీద ఆ కూలి ఎంతో ముందుగానే వ్రాసి పెట్టాలి; సామాను మారినా మారకపోయినా అంతే అని చెప్పాలి. వైద్యుడు మందు వ్రాయకుండా "నీకేమీ లేదు, వెళ్ళు" అన్నా మనం ఫీజు ఇచ్చి సంతోషంగానే వస్తాము కదా! ఆ మర్యాద నల్లని చేతులవానికి ఎందుకు దక్కకూడదు?

మా ఊరి ఆ మెకానిక్కు వద్ద ఇద్దరు కుర్రవాళ్ళు పని నేర్చుకొంటున్నారు. వెదకటం దండుగ అని లోకం వారికి నేర్పితే రేపు వారు కూడా డబ్బాలు విప్పి బిగించేవారే అవుతారు. మీ మీ ఊళ్ళలో ఈ మూడవ పద్దు వ్రాసే షెడ్డులు ఎక్కడైనా ఉంటే, అక్కడి పద్ధతి ఎట్లున్నదో దయచేసి వ్యాఖ్యలలో తెలుపగలరు. ఆ కుర్రవాళ్ళకు చదివి వినిపిస్తాను.